ప్రాణరక్షక పీఠం

ఏ వస్తువునైనా కొనేవారు దానిని వాడుకొనవలెననే కొంటారు. ఎంత ఎక్కువగా వాడుకలోకి వస్తే అది అంత మంచి వస్తువని చెప్పుకొంటారు. కాని ఇంగ్లండులో లండన్ నగరానికి పడమటగా డెన్‌హామ్ అనే ఊరి దగ్గర ఒక కర్మాగారం ఉన్నది. అక్కడ తయారయ్యే వస్తువును కొన్న ప్రభుత్వాలు గాని, దినదినమూ దానిపై కూర్చుండే మనుష్యులు గాని, దానిని వాడవలసిన అగత్యం తమ జీవితంలో ఎన్నడూ కలుగరాదనే కోరుకుంటారు. ఒకవేళ కలిగితే, సాధారణంగా అది జీవితంలో ఒక్కసారే కలుగుతుంది. ఆ ఒక్కసారి ఆ వస్తువు పనిచేయకపోతే, పనిచేయలేదని చెప్పుకొనడానికైనా మనిషి మిగలడు.

ఆ వస్తువు యుద్ధవిమానాలలో అమర్చే ఎజెక్షన్ సీటు. అనగా ప్రమాద సమయంలో చోదకుణ్ణి విమానం నుంచి పైకి విసరివేసి, పారాచూట్ సహాయంతో సురక్షితంగా నేలకు దింపే ఆసనం. దానిని తయారుచేసే సంస్థ మార్టిన్-బేకర్. 1940ల నుంచి నేటివరకు ఈ సంస్థ ఆసనాల వలన ప్రాణాలు దక్కించుకొన్న వారి సంఖ్య 7,700 దాటినది. విమానాలకు సామగ్రి తయారుచేసే సంస్థలు బ్రిటన్‌లో అనేకం వెలసినవి. కాని తన పనిని ఇట్లు మనుష్యుల లెక్కతో కొలుచుకొనగల సంస్థలు అరుదు. విచిత్రమేమంటే, ఈ సంస్థ ఈ పని కొరకు పుట్టినది కాదు. విమానాలు నిర్మించి అమ్మవలెనని పుట్టి, ఆ పనిలో ఒక్క విమానమైనా అమ్మలేక, ఒక మిత్రుని మరణం చూచి, ఈ దారికి మళ్లినది.

సంస్థాపకుడు జేమ్స్ మార్టిన్ 1893లో ఐర్లండులోని డౌన్ జిల్లాలో క్రాస్‌గార్ అనే ఊరిలో జన్మించినాడు. బాల్యంలోనే తండ్రి మరణించినాడు. విశ్వవిద్యాలయపు పట్టా ఏదీ లేకుండా, చేతులతో పనిచేస్తూ, ఇంజనీరు విద్యను తనంత తానే నేర్చుకొన్నాడు. 1929లో డెన్‌హామ్‌లో చిన్న విమాన కర్మాగారం స్థాపించినాడు. కెప్టెన్ వాలంటైన్ బేకర్ అనే వైమానికుడు అతనికి మిత్రుడైనాడు. బేకర్ మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడి పతకాలు పొందిన యోధుడు. పిమ్మట విమానచోదన నేర్పే గురువుగా పేరుగాంచినాడు. ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియాకు ఒంటరిగా విమానం నడిపిన మొదటి మహిళ ఎమీ జాన్సన్ అతని శిష్యులలో ఒకతె. 1934లో వీరిద్దరి పేర్లు కలిపి మార్టిన్-బేకర్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ ఏర్పడినది. ఫ్రాన్సిస్ ఫ్రాన్సిస్ అనే ధనికుడు పెట్టుబడికి తోడ్పడినాడు. విమానాన్ని రూపొందించడం మార్టిన్ పని, దానిని గాలిలో పరీక్షించడం బేకర్ పని.

ఈ సంస్థ నాలుగు రకాల విమానాలు తయారుచేసినది. మొదటిది 1935లో ఎగిరినది. రెండవది 1938లో ఎగిరిన యుద్ధవిమానం. దాని రెక్కలలో ఎనిమిది తుపాకులు. నిర్మాణంలో సరళత, మరమ్మతులో సౌలభ్యం మార్టిన్ విమానాల ప్రత్యేకత. నిపుణులు వాటిని మెచ్చుకొన్నారు, కాని ప్రభుత్వం కొనలేదు. మూడవ విమానం 1942 ఆగస్టు 31న మొదటిసారి ఎగిరినది. అందులో ఆరు ఫిరంగులు, నేపియర్ వారి సేబర్ అనే బలమైన ఇంజను ఉన్నవి.

1942 సెప్టెంబరు 12న వింగ్ అనే విమాన కేంద్రం నుంచి బేకర్ దానిని పరీక్ష కొరకు పైకి లేపినాడు. లేచిన కొద్ది క్షణాలలోనే ఇంజను ఆగిపోయినది. పారాచూట్‌తో దూకుటకు చాలినంత ఎత్తు లేదు. పొలంలో దించుటకు ప్రయత్నించినాడు. విమానం ఒక చెట్టు మోడును కొట్టుకొని బ్రద్దలైనది. బేకర్ మరణించినాడు.

మార్టిన్‌కు పోయినవాడు పెట్టుబడిలో భాగస్వామి మాత్రమే కాదు, ప్రాణమిత్రుడు. తాను గీసిన విమానంలో, తన కొరకు, తన మిత్రుడు మరణించినాడన్న బాధ అతని మనసులో నిలిచిపోయినది. చోదకుల భద్రత అటుపిమ్మట అతనికి జీవితవ్రతమైనది. నాల్గవ విమానం 1944 మేలో ఎగిరినది. దానిని నడిపినవారు చాలా గొప్ప యంత్రమని ప్రశంసించినారు. కాని అప్పటికే జెట్ యుగం ఆరంభమైనది. పంకాతో ఎగిరే కొత్త యుద్ధవిమానాన్ని కొనేవారు లేకపోయినారు. అదీ ఒక్కటిగానే మిగిలిపోయినది.

విమానాలు అమ్ముడుపోకున్నా, యుద్ధకాలంలో సంస్థకు పని కొరవడలేదు. శత్రునగరాల మీద కట్టిన బెలూన్ల ఇనుపతాళ్లు విమానపు రెక్కలకు తగిలితే, వాటిని చిన్న విస్ఫోటనంతో తెంచివేసే కత్తెరలను మార్టిన్ రూపొందించినాడు. స్పిట్‌ఫైర్ విమానంలో చోదకుని తలపైనున్న గాజుకప్పును ప్రమాద సమయంలో ఒక్క లాగుతో ఊడిపోవునట్లు చేసే ఏర్పాటు కూడా అతనిదే. ఆ కప్పు తొలగించే పనిలో చేసిన ఆలోచనే రాబోవు పెద్ద పనికి మొదటి మెట్టయినది.

ఇక ఆ పెద్ద పని ఎందుకు అవసరమైనదో చూద్దాము. ఆదికాలపు విమానాలు మెల్లగా పోయేవి. నిప్పంటుకొంటే చోదకుడు లేచి నిలబడి, ప్రక్కకు దూకి, పారాచూట్ తెరచుకొనేవాడు. గాలి తాకిడి అతనికి అడ్డు కాలేదు. కాని వేగం రెండింతలైతే గాలి ఒత్తిడి నాలుగింతలవుతుంది. గంటకు 300 మైళ్ల వేగంతో పోయే విమానం నుంచి తల బయట పెట్టినవానిపై గాలి చదరపు అడుగుకు సుమారు 230 పౌనుల బలంతో తాకుతుంది. గంటకు 600 మైళ్లయితే ఆ బలం 900 పౌనులు మించుతుంది. ఏ మనిషీ తన బలంతో ఆ గాలిలోకి లేవలేడు. ఎట్లో లేచినా, విమానం అప్పటికి సెకండుకు 880 అడుగులు ముందుకు పోతున్నది. దూకినవానిని విమానపు తోకయే వచ్చి కొడుతుంది. యుద్ధ సంవత్సరాలలో ఇట్లు మరణించినవారు, దూకలేక విమానంతో కూలినవారు ఎందరో. 1944లో బ్రిటిష్ వైమానిక దళంలో మీటియర్ జెట్ విమానం ప్రవేశించుటతో ఈ సమస్య తీవ్రమైనది. ఆ సంవత్సరమే ప్రభుత్వపు విమాన నిర్మాణ శాఖ మార్టిన్‌ను పిలిచి, వేగంగా పోయే విమానాల నుంచి చోదకుడు బయటపడే మార్గం కనుగొనవలెనని కోరినది.

ఇట్టి ఆలోచన ప్రపంచంలో ఇది మొదటిది కాదు. జర్మనీలో 1942 జనవరిలో హైంకెల్ కంపెనీ జెట్ విమానం మంచుతో చిక్కుకొన్నపుడు ఒక పరీక్షాచోదకుడు సంపీడిత వాయువుతో పనిచేసే ఆసనం ద్వారా బయటపడినాడు. స్వీడన్‌లో సాబ్ సంస్థవారు కూడా కృషి చేస్తూనే ఉన్నారు. మార్టిన్ తన పనిని మొదటినుంచి తానే ప్రారంభించవలసి వచ్చినది.

మొదట అతడు విమానం వీపుమీద ఒక పొడవైన లోహపు చేయిని అమర్చవలెనని తలచినాడు. బలమైన స్ప్రింగు వదలగానే ఆ చేయి లేచి, చోదకుని కొక్కెంతో పట్టుకొని పైకి ఎత్తివేస్తుంది. కాని త్వరలోనే ఆ పద్ధతిని విడిచిపెట్టి, మనిషితోపాటు కుర్చీనే పైకి విసరివేయడం మేలని నిశ్చయించినాడు. కుర్చీ వెనుక ఒకదానిలో ఒకటి ఇమిడే రెండు గొట్టాలు ఉంటవి. లోపల తూటా ప్రేలగానే వాయువు వ్యాకోచించి, లోగొట్టాన్ని కుర్చీతో సహా పైకి త్రోస్తుంది. ఒక విధంగా చూస్తే ఇది నిలువుగా నిలిపిన తుపాకి. అందులో గుండు మనిషి.

యంత్రం చేయడం కష్టం కాదు. మనిషి శరీరం ఎంత త్రోపును సహించగలదన్నదే అసలు ప్రశ్న. దానికి సమాధానం ఏ గ్రంథంలోను లేదు. మార్టిన్ తన కర్మాగారంలో 16 అడుగుల ఎత్తుగల చట్రం కట్టినాడు. మొదట ఇసుక మూటలను కుర్చీలో కట్టి ప్రయోగించినాడు. అవి చెక్కుచెదరకుండా వచ్చినవి. కాని ఇసుక మూటకు వెన్నెముక లేదు, నొప్పి చెప్పుకొనే నోరు లేదు. 1945 జనవరి 24న ఆ కర్మాగారంలోనే ఫిట్టరుగా పనిచేస్తున్న బెర్నార్డ్ లించ్ అనే ఐరిష్ యువకుడు తానే కూర్చుంటానని ముందుకు వచ్చినాడు. మొదటిసారి కుర్చీ 4 అడుగుల 8 అంగుళాల ఎత్తు లేచినది. లించ్ క్షేమంగా దిగినాడు. తూటా బలం క్రమంగా పెంచుతూ పోగా, 10 అడుగుల వద్ద శరీరానికి బాధగా ఉన్నదని అతడు చెప్పినాడు. తరువాత ఒక పత్రికారచయిత ఉత్సాహంతో కూర్చుండగా అతని వెన్నుపూసలకు తీవ్రమైన గాయమైనది.

ఆ గాయంతో మార్టిన్ ఆగి, వెన్నెముక నిర్మాణాన్ని గురించి శ్రద్ధగా అధ్యయనం చేసినాడు. ఒకదానిపై ఒకటి పేర్చిన నాణేల వలె వెన్నుపూసలు ఉంటవి. వాటి నడుమ మెత్తని దిండ్లు ఉంటవి. పేర్పు నిటారుగా ఉన్నపుడు పై బరువు అంచులకు సమంగా పంచబడుతుంది. మనిషి ముందుకు వంగియుంటే బరువంతా పూసల ముందు అంచులమీద పడి అవి నలుగుతవి. కనుక త్రోపు ఎంత బలమైనదన్నది ఒక్కటే చాలదు. ఆ త్రోపు ఎంత వేగంగా పెరిగినది, ఆ క్షణాన మనిషి ఎట్లు కూర్చున్నాడు అన్నవి కూడా ముఖ్యమే.

మార్టిన్ 65 అడుగుల ఎత్తుగల రెండవ చట్రం నిర్మించి, పరీక్షలు కొనసాగించినాడు. చివరకు తేలినది ఇది. భూమ్యాకర్షణకు 21 రెట్లకు మించిన త్రోపు పనికిరాదు. అదైనా సెకండులో పదవ వంతుకంటే ఎక్కువసేపు ఉండరాదు. ఆ త్రోపు సెకండుకు 300 రెట్ల చొప్పుకంటే త్వరగా పెరగరాదు. 70 కిలోల మనిషికి 21 రెట్లంటే, ఆ రెప్పపాటు కాలం అతడు 1,470 కిలోల బరువు తూగుతున్నాడన్నమాట. ఈ హద్దులకు లోబడుటకై మార్టిన్ ఒక పెద్ద తూటాకు బదులు రెండు తూటాలు అమర్చినాడు. మొదటిది మెల్లగా కదలిస్తుంది. కుర్చీ కొంత లేచిన పిమ్మట రెండవది అందుకొని త్రోస్తుంది. కూర్చుండే తీరును సరిచేయుటకు మరొక ఉపాయం చేసినాడు. ఆసనాన్ని పేల్చే పిడిని చోదకుని తలపైన పెట్టి, దానికి ఒక గుడ్డతెర కట్టినాడు. రెండు చేతులతో ఆ పిడిని ముఖం మీదుగా క్రిందికి లాగితే తల వెనుకకు ఆనుకొంటుంది, వెన్ను నిటారవుతుంది, ముఖానికి తెర అడ్డుగా నిలిచి గాలి దెబ్బను ఆపుతుంది.

ఇక గాలిలో పరీక్ష. 1945 మేలో డిఫయంట్ విమానం నుంచి బొమ్మను పైకి విసరినారు. తరువాత మీటియర్‌లో జరిగిన పరీక్షలలో కొన్నిసార్లు పారాచూట్‌లు చినిగిపోయినవి, చిక్కుపడినవి. ఒక్కొక్క లోపమే సరిదిద్దుకొంటూ వచ్చినారు. 1946 జులై 24న లించ్ మళ్లీ కూర్చున్నాడు. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో చాల్‌గ్రోవ్ మైదానం పైన, 8,000 అడుగుల ఎత్తున, గంటకు 320 మైళ్ల వేగంతో పోతున్న మీటియర్ నుంచి తెర లాగినాడు. క్షేమంగా నేలకు దిగినాడు. నెలకూలి ఫిట్టరు ఒకడు తాను బిగించిన మరల మీద తన ప్రాణాన్ని పందెం కాచి చూపిన ఆ దినం ఈ చరిత్రలో ముఖ్యమైనది. అటుపిమ్మట కూడా అతడు అనేకమార్లు ఈ పరీక్షకు సిద్ధపడినాడు. 1947లో బ్రిటిష్ సైనిక జెట్ విమానాలన్నిటికీ మార్టిన్-బేకర్ ఆసనాలే అమర్చవలెనని ప్రభుత్వం నిర్ణయించినది.

నిజమైన ఆపద 1949 మే 30న వచ్చినది. జో లాంకాస్టర్ అనే పరీక్షాచోదకుడు తోకలేని ఒక విచిత్రమైన జెట్ విమానాన్ని వార్విక్‌షైర్ పైన నడుపుతున్నాడు. అకస్మాత్తుగా రెక్కలు భయంకరంగా కంపించసాగినవి. విమానం ముక్కలవుతుందని తోచి అతడు తెర లాగినాడు. బ్రిటన్‌లో ఆపదవేళ ఈ ఆసనాన్ని వాడిన మొదటి మనిషి అతడే. ఆనాటి మొదటి రకం ఆసనంలో పనులన్నీ చోదకుడే చేసుకొనవలెను: గాలిలో తన కట్లు తానే విప్పుకొని, కుర్చీని వదలించుకొని, పారాచూట్ త్రాడు తానే లాగుకొనవలెను. లాంకాస్టర్ అవన్నీ చేసి బ్రతికినాడు. చోదకుడు లేని విమానం తనంత తానే తేరుకొని, మెల్లగా జారి పొలంలో దిగుట ఆ కథలోని వింత.

చోదకుడు స్పృహ తప్పితే ఏమి గతి? నేలకు దగ్గరగా ఉంటే కట్లు విప్పుకొనే వ్యవధి ఏది? ఈ ప్రశ్నలు తరువాతి పదేళ్లు మార్టిన్‌ను నడిపించినవి. రెండవ రకం ఆసనంలో పనులన్నీ స్వయంచాలకమైనవి. కుర్చీ బయటికి రాగానే చిన్న పారాచూట్ ఒకటి తెరచుకొని దానిని తిన్నగా నిలుపుతుంది. గడియారం వంటి యంత్రం నిర్ణీతకాలం గడవగానే కట్లు విప్పి పెద్ద పారాచూట్‌ను తెరుస్తుంది. ఎక్కువ ఎత్తులో అయితే అట్లు వెంటనే తెరువరాదు. అక్కడ ప్రాణవాయువు చాలదు, చలి దుర్భరం. అందువలన వాయుపీడనాన్ని కొలిచే సాధనం ఒకటి, మనిషి సుమారు 10,000 అడుగులకు దిగేవరకు ఆ యంత్రాన్ని ఆపి ఉంచుతుంది. అంతవరకు ఆసనంలోని ప్రాణవాయువు సీసా అతనికి శ్వాస నిస్తుంది.

1955 సెప్టెంబరు 3న చాల్‌గ్రోవ్‌లో స్క్వాడ్రన్ లీడర్ ఫైఫీల్డ్, నేలమీద గంటకు సుమారు 120 మైళ్ల వేగంతో పరుగెత్తుతున్న మీటియర్ నుంచే పైకి లేచి క్షేమంగా దిగినాడు. బేకర్ మరణించినది సరిగా ఇట్టి పరిస్థితిలోనే అని గుర్తుంచుకొంటే, ఆ దినం మార్టిన్ మనసులో ఏమి మెదలియుండునో ఊహించవచ్చు. అయినను విమానం పరుగెత్తుతూ ఉంటేనే ఆ ఆసనం పనిచేసేది. పారాచూట్‌ను విప్పార్చుటకు గాలి కావలెను. కదలని విమానం నుంచి కూడా రక్షించవలెనంటే మనిషిని ఇంకా ఎత్తుకు విసరవలెను. తూటా బలం పెంచితే వెన్నెముక సహించదు. ఇందుకు పరిష్కారం రాకెట్టు. తూటాలు కుర్చీని విమానం నుంచి బయటికి తెచ్చిన తరువాత, కుర్చీ క్రింద రాకెట్టు అంటుకొని అదే త్రోపును కొంచెం ఎక్కువసేపు, మెత్తగా కొనసాగిస్తుంది. వేగమూ లేక ఎత్తూ లేక నేలపై నిశ్చలంగా నిలిచిన స్థితి నుంచి 1961 ఏప్రిల్ 1న డాడీ హే అనే స్వచ్ఛందసేవకుడు పైకి ఎగసి, పారాచూట్‌తో దిగినాడు.

నీటిలో కూడా ఈ ఆసనం ఒకసారి ప్రాణం నిలిపినది. 1954 అక్టోబరు 13న మధ్యధరా సముద్రంలో ఆల్బియన్ అనే విమానవాహక నౌక నుంచి లేవబోయిన వైవెర్న్ విమానం ఇంజను ఆగి ఓడ ముందే నీటిలో పడినది. ఓడ దానిమీదుగా సాగిపోయినది. నీటిలో మునిగిపోతున్న విమానం నుంచి లెఫ్టినెంట్ మాక్‌ఫర్లేన్ పిడి లాగినాడు. గాజుకప్పును ఛేదించుకొని బయటపడి, పైకి తేలినాడు. ఈ ఆసనాన్ని నీటి అడుగున వాడవచ్చునని రూపొందించినవారు అప్పటికి అనుకొనియుండరు. 1957లో అమెరికాలో నేలమట్టం నుంచి ఒక ప్రదర్శన జరిపిన పిమ్మట, అమెరికా నౌకాదళం కూడా ఈ ఐరిష్ ఇంజనీరు ఆసనాలనే స్వీకరించినది.

ఇంతవరకు చెప్పినది జయగాథ. కాని ఈ చరిత్రలో మనసును కలచే ఘట్టమొకటి ఉన్నది. 1950లలో బ్రిటన్ మూడు రకాల పెద్ద బాంబర్ విమానాలు నిర్మించినది: వేలియంట్, వల్కన్, విక్టర్. వాటిలో ఐదుగురు ప్రయాణం చేస్తారు. ముందు కూర్చుండే ఇద్దరు చోదకులకు మాత్రమే ఎజెక్షన్ సీట్లు ఉన్నవి. వెనుక కూర్చుండి దారి చూచేవారు, యంత్రాలు చూచేవారు ముగ్గురు. ఆపద వస్తే వారు కట్లు విప్పుకొని, తలుపు వద్దకు పాకి, దూకవలెను. 1956 అక్టోబరు 1న న్యూజీలండ్, ఆస్ట్రేలియా పర్యటన ముగించుకొని వచ్చిన వల్కన్ ఒకటి లండన్ విమానాశ్రయంలో వర్షంలో దిగబోతూ, రన్‌వేకు ముందే నేలను తాకి దెబ్బతిన్నది. చోదకులిద్దరూ ఆసనాల వలన బ్రతికినారు. మిగిలిన నలుగురూ మరణించినారు.

వెనుకవారికి కూడా ఆసనాలు అమర్చవచ్చునని మార్టిన్ వాదించినాడు. 1960లో వేలియంట్ విమానం వెనుకభాగం నుంచి మనిషిని సురక్షితంగా బయటికి పంపి, అది సాధ్యమేనని చూపినాడు. ప్రభుత్వం అంగీకరించలేదు. ఖర్చు ఎక్కువన్నది, విమానాలను సేవ నుంచి తప్పించి మార్చుటకు కాలం పడుతుందన్నది వారి కారణాలు. వల్కన్ 1984 వరకు, విక్టర్ 1993 వరకు ఎగిరినవి. చివరివరకు వెనుకవారికి ఆ ఆసనాలు రాలేదు. ఉపాయం తెలిసిన తరువాత కూడా అది ఎవరికి అందవలెనన్నది వేరొక ప్రశ్నగా మిగులుతుందని ఈ ఉదంతం చెబుతున్నది. ఒకే విమానంలో, ఒకే ఆపదలో, నాలుగు అడుగుల ఎడంలో కూర్చున్నవారి అదృష్టాలు వేరుకావడం అక్కడి ప్రజలలో, పార్లమెంటులో ఎంతోకాలం చర్చనీయాంశమైనది.

సంస్థ కూడా తప్పు చేయనిది కాదు. 2011 నవంబరులో స్కాంప్టన్ కేంద్రంలో నేలపై నిలిచియున్న శిక్షణ విమానంలో ఆసనం అనుకొనకుండా పేలి, పారాచూట్ తెరచుకొనక, ఒక వైమానికుడు మరణించినాడు. పారాచూట్‌ను లాగే కొక్కెపు మర ఒకటి మితిమీరి బిగించబడుటయే అది తెరచుకొనకపోవుటకు కారణమని తేలినది. అట్లు బిగించరాదన్న హెచ్చరికను వైమానిక దళానికి అందజేయలేదన్నది సంస్థపై అభియోగం. 2018లో లింకన్ నగర న్యాయస్థానంలో సంస్థ తప్పు నంగీకరించినది. 11 లక్షల పౌనుల జరిమానా పడినది. వేలమందిని రక్షించిన లెక్క ఒకవైపు ఉన్నా, ఒక్క మర బిగింపు ఒక ఇంటి దీపాన్ని ఆర్పగలదు. ఈ వృత్తిలో సగటు లెక్కలకు చోటు లేదు.

భారతదేశానికి ఈ ఆసనాలు కొత్తవి కావు. మన వైమానిక దళంలో పనిచేసిన హంటర్, కాన్‌బెరా విమానాలలోను, నౌకాదళపు సీహాక్ విమానాలలోను ఇవే ఉండేవి. మన దేశంలోనే నిర్మించిన కిరణ్ శిక్షణ విమానంలో కూడా ఇవే అమర్చినారు. హైదరాబాదు సమీపాన దుండిగల్, హకీంపేట వైమానిక కేంద్రాలలో విద్య నేర్చిన ఎన్నో తరాల యువకులు కిరణ్‌లోని ఈ ఆసనాలపై కూర్చుండియే జెట్ విమానం నడుపుట నేర్చుకొన్నారు. ఆకాశంలో ఆ విమానాల చప్పుడు విని తల యెత్తి చూచిన మన గ్రామీణులకు, అందులోని పిల్లవాని వీపు వెనుక ఇంత కథ ఉన్నదని తెలిసియుండదు. జాగ్వార్, హాక్, రఫేల్ విమానాలలోను, మన తేజస్‌లోను ఈ ఆసనాలే. 2024 మార్చి 12న జైసల్మేరు సమీపంలో తేజస్ విమానం కూలినపుడు చోదకుడు దీని వలననే క్షేమంగా బయటపడినాడు.

నేటి ఆసనంలో తలపై తెర లేదు; మోకాళ్ల నడుమనున్న పిడిని లాగితే చాలు. వెంటనే భుజాల పట్టీలు మనిషిని వెనుకకు బిగిస్తవి. గాజుకప్పు ఊడిపోతుంది, లేదా దానిలో పొదిగిన సన్నని విస్ఫోటక తీగ దానిని పగులగొడుతుంది. తూటాలు, రాకెట్టు, చిన్న పారాచూట్, పెద్ద పారాచూట్ వరుసగా పనిచేస్తవి. తక్కువ ఎత్తున ఇదంతా మూడు సెకండ్లలోపే ముగుస్తుంది. అయినను దెబ్బ తగలదని ఎవరూ హామీ ఇవ్వరు. బయటపడినవారిలో కొందరికి వెన్నుపూసలు నలుగుతవి. తిరిగి విమానమెక్కుటకు నెలలు పట్టవచ్చు. అంతకంటే మెత్తగా విసిరితే బ్రతికించలేరు, అంతకంటే గట్టిగా విసిరితే విరుగుతుంది. మార్టిన్ కనుగొన్న ఇరుకైన దారి నేటికీ అంతే ఇరుకైనది.

మార్టిన్‌కు 1965లో సర్ బిరుదు లభించినది. 1981 జనవరిలో మరణించేవరకు అతడు కర్మాగారాన్ని విడువలేదు. పిమ్మట అతని కవల కుమారులు సంస్థను నడిపినారు. నేటికీ అది ఆ కుటుంబం చేతిలోనే ఉన్నది. 1957 నుంచి సంస్థవారు ఒక చిన్న సంప్రదాయం పాటిస్తున్నారు. తమ ఆసనం వలన ప్రాణం దక్కించుకొన్న ప్రతి వ్యక్తికి ఒక మెడపట్టీ, ఒక సభ్యత్వపత్రం పంపుతారు. అట్టివారందరూ ఒక సంఘం. ఆ సంఘంలో చేరవలెనని ఎవరూ దరఖాస్తు పెట్టరు, చేరినవారెవరూ చింతించరు.

1949లో తెర లాగిన జో లాంకాస్టర్ 2019 ఆగస్టులో మరణించినాడు. అప్పటికి అతని వయస్సు 100 సంవత్సరాలు. ఆ తెర లాగిన తరువాత అతడు జీవించినది 70 సంవత్సరాలు. అతని వెనుక వచ్చిన 7,700 మందిలో ఒక్కొక్కరికీ అట్టి సంవత్సరాలు ఎన్నో దక్కినవి. వారి ఇళ్లలో పెండ్లిండ్లు జరిగినవి, బిడ్డలు పుట్టినారు. వింగ్ పొలంలో ఆ దినం వాలంటైన్ బేకర్‌కు దక్కనిది అదే.